డీజిల్ బండికి హీటర్ ప్లగ్గులు కొనేవారికి హెచ్చరిక

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో సొంత డీజిల్ బండి నడుపుకుంటూ చిన్న చిన్న పనులు ఇంటి దగ్గరే చేసుకునే వారందరికీ మనవి. పేరున్న కంపెనీ పెట్టెలో, చెక్కుచెదరని సీలుతో డూప్లికేట్ హీటర్ ప్లగ్గులు (చలిలో ఇంజను అందుకునేలా సిలిండర్ లోపల వేడి పుట్టించేవి) అమ్ముతున్నారు. గుంటూరు యార్డు నుంచి మిర్చి తోలే నా మినీ లారీకి ఆటోనగర్‌లోని ఒక దుకాణంలో నాలుగు ప్లగ్గులు తీసుకున్నాను. ధర కూడా అసలు సరుకు ధరకు దగ్గరగానే ఉంది కనుక అనుమానించడానికి కారణం కనిపించలేదు. టార్క్ రెంచితో కొలత ప్రకారమే బిగించాను.

చలికాలం వచ్చాక తెల్లవారుజామున సెల్ఫ్ ఎంత తిప్పినా బండి అందుకోక, అందుకున్నాక తెల్లటి పొగ వదలడంతో ప్లగ్గులు విప్పాను. మూడు వచ్చాయి. నాలుగోది సగం దాకా వచ్చి పట్టేసింది. దాని కొస ఉబ్బి, పైతొడుగు నిలువునా పగిలి, లోపలి తెల్లటి పొడి రాలుతోంది. చివరికి ఆ కొస విరిగి రంధ్రంలోనే ఉండిపోయింది. అది సిలిండర్‌లో పడితే పిస్టను, వాల్వులు దెబ్బతింటాయి కనుక ఇంజను పైభాగమైన హెడ్డు దించక తప్పలేదు. ప్లగ్గుల ధర ఎక్కడ, ఆ ఖర్చు ఎక్కడ! ప్లగ్గులకు కరెంటు అందించే రిలే, వోల్టేజీ కూడా పరీక్ష చేయించాను; వాటిలో ఏ లోపమూ లేదు.

అసలైన లోహపు ప్లగ్గు గొట్టంలో కాయిల్ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా దట్టిస్తారు. వేడి పెరిగేకొద్దీ కరెంటును తగ్గించే రెండో కాయిల్ కూడా ఉంటుంది. డూప్లికేట్‌లో ఆ రెండో కాయిల్ లేకపోవడమో, పొడి వదులుగా ఉండడమో జరిగి, వేడి ఒక్కచోటే పోగుపడి తొడుగు కాలిపోతుంది. మన వాతావరణంలో ఏడాదిలో ఎక్కువ కాలం ప్లగ్గులు సరిగ్గా పనిచేయకపోయినా చాలా ఇంజన్లు స్టార్ట్ అవుతూనే ఉంటాయి, అందుకే ఈ మోసం నెలల తరబడి బయటపడదు.

కాబట్టి కౌంటరు దగ్గరే మల్టీమీటరుతో ప్లగ్గు పైకొనకూ ఒంటికీ మధ్య రెసిస్టెన్స్ చూడండి. సాధారణ 11 వోల్టుల లోహపు ప్లగ్గుల్లో అది ఒకటి రెండు ఓమ్‌లకు మించదు, సెట్టులోని నాలుగూ దాదాపు సమానంగా ఉండాలి. వీలైతే బ్యాటరీకి కలిపి కొన్ని సెకన్లు వెలిగించి చూపమనండి. అసలుదైతే మొదట కొస ఎర్రబడుతుంది, నడుము దగ్గర మొదలైతే తీసుకోవద్దు. అయితే 4.4, 5, 7 వోల్టులని రాసి ఉన్నవాటిని 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపితే అక్కడికక్కడే కాలిపోతాయి, వాటితో ఈ పరీక్ష చేయకండి. పాతవి విప్పేటప్పుడు ఇంజను వేడిగా ఉండాలి. 10 మిల్లీమీటర్ల మర (థ్రెడ్) ఉన్న ప్లగ్గుకు 35 న్యూటన్ మీటర్లు దాటి బలం పెట్టకుండా, నూనె వేసి నానబెట్టి మళ్లీ ప్రయత్నించండి.

ఇక బిల్లు సంగతి. నాకిచ్చిన బిల్లులో ‘హీటర్ ప్లగ్ సెట్’ అని మాత్రమే ఉంది. దాన్ని పట్టుకునే ఆ వ్యాపారి ‘ఇది మా సరుకే అని రుజువేముంది, ఎలక్ట్రికల్ సామానుకు గ్యారంటీ ఉండదు’ అని పంపేశాడు. మీరు మాత్రం కంపెనీ పేరు, పార్ట్ నంబరు రాయించుకోండి. బిల్లు ఇవ్వకపోవడం, బిల్లులో గడువేదీ లేనప్పుడు 30 రోజుల లోపు లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. వ్యాపారం కోసం కొన్నవారిని ఆ చట్టం వినియోగదారులుగా చూడదు గానీ, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారికి మినహాయింపు ఉంది, కనుక సొంత బండి తోలుకునే వారు వెనకాడనక్కర్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంటుంది. విరిగిన ప్లగ్గును, ఖాళీ పెట్టెను, హెడ్డు పని చేసిన మెకానిక్ రాసిచ్చిన కాగితాన్ని అప్పటిదాకా పారేయకుండా దాచుకోండి.