దీక్షా కోర్సా, స్కూల్ కాంప్లెక్స్ సమావేశమా?

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం టీచర్‌కు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలి. ఆ గంటలు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలోని కోర్సుల్లో గడపాలా, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలోనా? ఎక్కడ గడిపితే తరగతిలో మార్పు వస్తుంది?

ఖర్చు: దీక్షాకు ఫోన్, డేటా చాలు. కాంప్లెక్స్‌కు ప్రయాణం తప్పదు. ఏకోపాధ్యాయ బడిలో ఆ పూట పాఠాలూ ఆగుతాయి.

శ్రమ: దీక్షా రాత్రి ఇంట్లోనే చేసుకోవచ్చు.

రిస్క్: దీక్షాలో వీడియో నడుస్తుండగా వేరే పని చూసుకునే వీలుంది. కాంప్లెక్స్‌లో సమయమంతా సర్క్యులర్లకే పోవచ్చు. కానీ ఒకరు నమూనా పాఠం చెప్పి, మిగతావాళ్లు పిల్లల నోటుబుక్కులు ముందు పెట్టుకుని భిన్నాల్లో ఎక్కడ తడబడుతున్నారో మాట్లాడుకుంటే, ఏ వీడియో దానికి సాటి రాదు. తర్వాతి సమావేశంలో ఏది పనిచేసిందో చెప్పుకోవచ్చు కూడా.

కొత్త పాఠ్యాంశమో, నియమమో తెలుసుకోవాలంటే దీక్షా. చదవడంలో, లెక్కల్లో వెనకబడిన పిల్లల కోసం బోధన మార్చుకోవాలంటే కాంప్లెక్స్.