మేయో క్లినిక్ స్కాడ్ రిజిస్ట్రీ: ఏది బాగుంది, ఎక్కడ లోటు

గుండె రక్తనాళం గోడ దానంతటదే చీలి, ఆ పొరల మధ్య రక్తం చేరి దారి మూసేయడాన్ని స్కాడ్ అంటారు. ఎక్కువగా నలభై, యాభై ఏళ్ల ఆడవాళ్లలో, షుగర్, కొలెస్ట్రాల్ లేనివాళ్లలో కూడా వస్తుంది. ఒక ఆసుపత్రికి ఇలాంటి కేసులు కొద్దిగానే వస్తాయి. అందుకే ఆ తర్వాత వాళ్లు ఎలా ఉంటున్నారో తెలియాలంటే చాలామంది రోగుల వివరాలు ఒకచోట చేర్చే రిజిస్ట్రీలే ఆధారం.

అమెరికాలోని మేయో రిజిస్ట్రీ రోగుల పట్టుదలతో మొదలైంది. ఆన్‌లైన్‌లో ఒకరినొకరు కనుక్కున్న బాధితులే పరిశోధన చేయమని డాక్టర్లను అడిగారు. 2011లో వెలువడిన పైలట్ (తొలి చిన్న) అధ్యయనంలో 12 మంది ఉన్నారు. చేరేవాళ్లు సమ్మతి పత్రం, ప్రశ్నావళి, ఆసుపత్రి రికార్డులు, యాంజియోగ్రామ్ (రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాలను తీసే ఎక్స్‌రే వీడియో) ఇవ్వాలి. జన్యు పరిశోధనకు రక్త నమూనా విడిగా ఇస్తారు. ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది యాంజియోగ్రామ్‌ను నిపుణులు మళ్లీ చూడటం.

చిక్కు వచ్చేదీ ఇక్కడే. కొందరు ఫిల్మ్ మీద అచ్చువేసిన నాలుగు బొమ్మలు పంపుతారు, అవి సరిపోవు. డైకామ్ (వైద్య చిత్రాలను దాచే ప్రామాణిక ఫైల్) ఫార్మాట్‌లో అన్ని రన్నులూ, అంటే తీసిన ప్రతి వీడియో ముక్కా ఉన్న సీడీ కావాలి. యాంజియోగ్రామ్‌లో కనిపించే తీరునుబట్టి స్కాడ్‌ను టైపులుగా విడదీస్తారు. టైప్ 2 స్కాడ్‌లో చీలిక కనిపించదు, నాళం పొడవునా నున్నగా సన్నబడి ఉంటుంది. రక్తనాళాన్ని వెడల్పు చేసే నైట్రోగ్లిజరిన్ మందు ఇచ్చాక తెరుచుకుంటే అది స్పాజమ్ (నాళం తాత్కాలికంగా బిగుసుకోవడం) కావచ్చు, కాబట్టి మందుకు ముందు రన్ను, తర్వాతి రన్ను రెండూ చూడాలి. టైప్ 3 అచ్చం కొవ్వు పేరుకున్న బ్లాకులా కనిపించి మోసం చేస్తుంది. నాళం లోపలికి సన్నని తీగ పంపి గోడను చూసే ఓసీటీ (కాంతితో) గానీ ఐవస్ (అల్ట్రాసౌండ్‌తో) గానీ చేసి ఉంటే ఆ ఫైళ్లూ జతచేయాలి.

ఇక లోటు సంగతి. తమంతట తాము చేరాలంటే బతికి బయటపడి ఉండాలి. మొదటి రోజుల్లో పోయినవాళ్లు లెక్కలోకి రారు. అందుకని ముప్పు ఎంతో తెలుసుకోవడానికి ఈ రిజిస్ట్రీ ఒక్కటే చాలదు. మా దృష్టిలో దానికి కెనడియన్ స్కాడ్ అధ్యయనం మెరుగు: 22 కేంద్రాలు, 750 మంది, ఆసుపత్రిలో ఉండగానే నమోదు. 30 రోజుల్లో పెద్ద ఇబ్బందులు 8.8 శాతం మందికి వచ్చాయి. మూడేళ్లకు మరణాలు 0.8 శాతం, మళ్లీ గుండెపోటు 9.9 శాతం. చాలామంది ఈ 9.9ని చూసి హడలిపోతారు. అందులో పాత చీలికే పొడవు పెరగడం మొత్తం రోగుల్లో 3.5 శాతం, కొత్తచోట చీలడం 2.4 శాతం మాత్రమే. కెనడాలోని వాంకూవర్ బృందం 2017లో 327 మందిని చూసినప్పుడు మాత్రం కొత్త చీలిక 10.4 శాతం. అందుకే ఏ అంకె దేని గురించో, ఏ గుంపుదో చూడకుండా పక్కపక్కన పెట్టకూడదు. ఆ 2017 అధ్యయనంలో బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మందు) వాడినవాళ్లకు స్కాడ్ తిరిగి రావడం తగ్గినట్టు కనిపించింది. అది పరిశీలన మాత్రమే, లాటరీ పద్ధతిలో మందు కేటాయించిన ట్రయల్ కాదు.

హైదరాబాదులో, విజయవాడలో చికిత్స పొందినవాళ్లు ఏ రిజిస్ట్రీకి రాసినా, కొత్తవాళ్లను ఇప్పుడు చేర్చుకుంటున్నారా, విదేశాల రికార్డులు తీసుకుంటారా అని ముందే అడగాలి. సీడీని డిశ్చార్జ్ రోజే క్యాథ్ ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్ చేసిన గదిలో) అడిగి తీసుకుని, ఇంటి కంప్యూటర్‌లో తెరుచుకుంటోందో లేదో చూసి, ఒక కాపీ దాచుకోవాలి.