ఇద్దరు కబ్రాల్‌లు, ఒక నియంత: రెండు నవలల్లో ఏది మేలు?

కరీబియన్ దేశం డొమినికన్ రిపబ్లిక్‌ను 1930 నుంచి 1961 దాకా గుప్పిట్లో పెట్టుకున్న రఫాయెల్ ట్రుహియో మీద చాలా నవలలు వచ్చాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెడితే ఒక చిత్రం కనిపిస్తుంది. రెండింట్లోనూ ‘కబ్రాల్’ ఇంటిపేరున్న పెద్దమనిషి ఒకడు ఉంటాడు. అతనికో కూతురు. ఒక కబ్రాల్ ఆ పిల్లను ట్రుహియో కంట పడకుండా దాస్తాడు. ఇంకో కబ్రాల్ తనే పంపిస్తాడు.

దాచినవాడు డాక్టర్ అబెలార్డ్. జునో డియాస్ రాసిన ‘ది బ్రీఫ్ వండ్రస్ లైఫ్ ఆఫ్ ఆస్కర్ వావ్’ (2007, మరుసటి ఏడాది పులిట్జర్) లో పాత్ర. పంపినవాడు సెనేటర్ అగుస్తీన్. మారియో వర్గాస్ యోసా ‘ది ఫీస్ట్ ఆఫ్ ది గోట్’ (స్పానిష్‌లో 2000) లో వస్తాడు. ఒకటే చదవగలిగితే ఏది చదవాలి అని అడిగేవాళ్లకు నా జవాబు మొదట్లో డియాస్. ఇప్పుడు మారింది.

డియాస్ నవలను నడిపించేది ‘ఫుకు’ అనే శాపం. ఆఫ్రికా నుంచి బానిసల అరుపులతో పాటు ఓడెక్కి వచ్చిందంటారు. పేరెత్తితే వేళ్లు అడ్డం పెట్టుకుని ‘సాఫా’ అనాలి, ఎవరైనా తుమ్మితే మనం ‘చిరంజీవ’ అన్నట్టు. తెలుగువాళ్లం కాబట్టి ఇది అర్థమైపోయిందనుకుంటాం. కానీ మన శాపానికి ఒక లెక్క ఉంటుంది. ఎవరినో ఏడిపించారు, ఆ ఉసురు తగిలింది, పిల్లలు కడుతున్నారు అంటాం. ఫుకు దీనికి పూర్తిగా తలకిందులు. ఏడిపించినవాడు ముప్పై ఏళ్లు హాయిగా ఏలుతాడు, ఏడ్చినవాడి వంశమే పోతుంది. ఆ శాపానికి ట్రుహియో యజమానో బంటో ఎవరికీ తెలియదంటాడు కథ చెప్పే యూనియర్.

అబెలార్డ్ చేసిన నేరమేమిటి? విందుకు కూతుర్ని తీసుకురమ్మంటే తీసుకెళ్లలేదు. కొన్ని వారాలకే జైలు. అధికారులు చెప్పిన కారణం వేరే: కారు డిక్కీ తెరిచి శవాల గురించి ఏదో జోక్ వేశాడట. ఇదీ కాదు, అదీ కాదు, ట్రుహియో గురించి అతనో పుస్తకం రాశాడు, అందుకే పట్టుకుపోయారనే మాట కూడా ఉంది. ఆ పుస్తకం ఎక్కడా దొరకదు. భార్య, పెద్దకూతురు, రెండో కూతురు ఒకరి తర్వాత ఒకరు పోతారు. మిగిలిన పసిపిల్ల బెలీ ఎవరింట్లోనో పనిపిల్లగా పెరుగుతుంది. కాగే నూనె పోయగా వీపంతా కాలిన మచ్చ. ఈ బెలీయే పెద్దయ్యాక ఒక గూండాను ప్రేమిస్తుంది. అతని పెళ్లాం ఎవరో తెలుసా? సాక్షాత్తూ ట్రుహియో చెల్లెలు. ఆ ప్రేమ చెరకు తోటలో చావు దెబ్బలతో ముగుస్తుంది. ఆమె కొడుకు ఆస్కర్, న్యూజెర్సీలో సైన్స్ ఫిక్షన్ పిచ్చితో పెరిగిన లావుపాటి కుర్రాడు, ప్రేమ కోసం అదే దేశం వెళ్లి అదే చెరకు తోటలో ప్రాణం పోగొట్టుకుంటాడు. అప్పటికి ట్రుహియో చచ్చి ముప్పై ఏళ్లు దాటింది.

ఈ నవలలో ప్రేమ ఉంది. మొండి ప్రేమ, తెలివితక్కువ ప్రేమ. ఆ విషయంలో యోసా దీని దరిదాపుల్లోకి రాడు.

కానీ శాపం అన్న మాటతో ఒక చిక్కుంది. అంతా ఫుకు ఖాతాలో వేస్తే దెబ్బ కొట్టిన చెయ్యి ఎవరిదన్న ప్రశ్న వెనక్కి పోతుంది. డియాస్‌కు ఇది తెలియక కాదు, తెలిసే ఆడుకుంటాడు. అయినా చదివేవాడికి శాపమే గుర్తుండిపోతుంది.

యోసా దగ్గర శాపం లేదు. ఫోన్లు, ఉద్యోగాలు, ఉత్తరాలు ఉన్నాయి. అగుస్తీన్ కబ్రాల్ ఒక పొద్దున పేపర్ తెరిస్తే తన మీద ఉత్తరం అచ్చయి ఉంటుంది. నిన్నటిదాకా వంగి దండాలు పెట్టినవాళ్లు ఫోన్ ఎత్తరు. తప్పేమిటో ఎవరూ చెప్పరు. ఆ టెన్షన్‌లో, పోయిన పదవి కోసం, పద్నాలుగేళ్ల కూతురు ఊరానియాను నియంత బంగళాకు పంపుతాడు. మధ్యవర్తి, కారు, కొత్త గౌను, అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి. ముప్పై అయిదేళ్ల తర్వాత ఆమె న్యూయార్క్ నుంచి వచ్చి, పక్షవాతంతో మాట పడిపోయిన తండ్రి ఎదురుగా కుర్చీలో కూర్చుంటుంది. ఆయన కళ్లు కదులుతాయి. వింటున్నాడో లేదో తెలియదు. నేను పుస్తకం మూసేసి కాసేపు అటూ ఇటూ తిరిగిన పేజీలు అవే.

ఇదే నవలలో ట్రుహియోను చంపడానికి రోడ్డు పక్క కారులో కాచుకున్నవాళ్లలో అమాదీతో అనే కుర్ర సైనికాధికారి ఉంటాడు. ప్రేమించిన పిల్ల అన్న ప్రభుత్వ వ్యతిరేకి కాబట్టి పెళ్లికి అనుమతి దొరకదు. విధేయత నిరూపించుకోమని ఒక ఖైదీని కాల్పిస్తారు. కాల్చింది ఆ అన్ననే అని తర్వాత తెలుస్తుంది. ప్రేమను ప్రభుత్వం ఎలా వాడుకుంటుందో చెప్పడానికి ఏ శాపమూ అక్కర్లేదు.

ఈ రెండూ మరీ బరువనిపించేవాళ్లకు జూలియా అల్వారెజ్ ‘ఇన్ ది టైమ్ ఆఫ్ ది బటర్‌ఫ్లైస్’ (1994) ఉంది. ట్రుహియోను ఎదిరించి 1960 నవంబర్ 25న హత్యకు గురైన మిరాబల్ అక్కచెల్లెళ్ల కథ. ఐక్యరాజ్యసమితి స్త్రీలపై హింసకు వ్యతిరేక దినంగా పెట్టింది ఆ తేదీనే. ఆ అక్కచెల్లెళ్లలో బతికి మిగిలిన దేదే భాగాలు బాగుంటాయి. మిగతాచోట్ల కాస్త మెత్తదనం ఎక్కువని నా ఫిర్యాదు.

నా ఓటు యోసాకే, ఎడిత్ గ్రాస్‌మన్ ఇంగ్లిష్ అనువాదంలో. డియాస్ తర్వాత చదవండి. అతని పేజీల్లో అనువదించని స్పానిష్, పొడవాటి ఫుట్‌నోట్లు ఉంటాయి. దేశ చరిత్ర ముందే తెలిసుంటే అవి అడ్డం రావు.

రెండు నవలలూ చివరికి ఒక చిన్నపిల్ల దగ్గరే ఆగుతాయి. డియాస్‌లో ఆస్కర్ మేనకోడలి మెడలో దిష్టి తగలకుండా మూడు తాయెత్తులు వేలాడుతుంటాయి. ఎప్పటికైనా ఆ పిల్ల వచ్చి అడుగుతుందని యూనియర్ ఆస్కర్ కాగితాలన్నీ ఇంట్లో ఫ్రిజ్‌లలో దాచి కూర్చుంటాడు. యోసాలో ఊరానియా, తన కథంతా విన్న చిన్నపిల్ల మరియానితా గురించి ఆలోచిస్తూ హోటల్ గదికి చేరుతుంది. ఆ పిల్ల ఉత్తరం రాస్తే ఈసారి జవాబు రాయాలనుకుంటుంది.