తిరుపతి ఇంట్లో స్టాగ్‌హార్న్ ఫెర్న్: బైఫర్కేటమా, రిడ్లేయా?

రెండూ జింక కొమ్ముల్లాంటి ఆకులుండే ఫెర్న్ మొక్కలు, ప్లాటిసీరియం జాతులే, చెక్కపలకకు కట్టి గోడకు తగిలించేవే. పెంపకం మాత్రం ఒకటి కాదు.

పుట్టిల్లు: బైఫర్కేటమ్‌ది తూర్పు ఆస్ట్రేలియా వైపు, మొండిఘటం. రిడ్లేయి మలయా, సుమత్రా, బోర్నియో అడవుల్లో చిటారు కొమ్మల మీద బతుకుతుంది. దాని అడుగు ఆకులు క్యాబేజీలా కొమ్మను చుట్టుకుంటే, లోపల చీమలు కాపురం పెడతాయి. మనింట్లో చీమలు అక్కర్లేదులెండి.

ఖర్చు: రిడ్లేయి ధర చాలా ఎక్కువ. పైగా బైఫర్కేటమ్ పక్కన పిల్లలు పెడుతుంది, రిడ్లేయి పెట్టదు. పోతే పోయినట్టే.

నీళ్లు: బైఫర్కేటమ్ పలకను బకెట్లో పది నిమిషాలు ముంచి, నీరు కారాక తగిలిస్తే సరి. అడుగున గోధుమరంగుకు తిరిగిన ఆకుల్ని ఎండిపోయాయని పీకేయకండి, వేళ్లకు అవే కవచం. రిడ్లేయికి తేమ గాలిలో ఉండాలి, మొక్క మొదలు దగ్గర నీరు నిలవకూడదు. నిలిచిందా, మొవ్వు కుళ్లిపోతుంది. ఉప్పు తేలే బోరు నీళ్లు రెండింటికీ పడవు. అక్టోబరు, నవంబరు వానల్లో నీళ్లు పట్టిపెట్టుకోండి.

అసలు గండం మే నెల. 40 డిగ్రీలు దాటిన వడగాలి ఒకటైతే, గాలిని మరింత పొడిగా చేసే ఏసీ ఇంకొకటి. బైఫర్కేటమ్ నీడ వరండాలో నీళ్ల కూలర్‌కు కాస్త దూరంగా గట్టెక్కేస్తుంది. రిడ్లేయికి గాజు అల్మరా, లోపల చిన్న ఫ్యాను, మొక్కలకు వెలుగిచ్చే గ్రో లైటు కావాలి. కరెంటు పోతే దిగులే.

సెలవులకు ఊరెళ్లే ఇల్లయినా, ఇదే మొదటి ఫెర్న్ అయినా బైఫర్కేటమ్ తీసుకోండి. గాజు అల్మరాలో ఆర్కిడ్లు ఇప్పటికే పెంచుతున్నవాళ్లకే రిడ్లేయి.