సింగపూర్‌లో చైనా కొత్త సంవత్సరం: ఎక్కడ దిగాలి, ఎప్పుడు తిరగాలి, ఏడో రోజు పుట్టినరోజు ఎలా చేయాలి

సింగపూర్‌లో చైనా కొత్త సంవత్సరం చూడాలనుకునేవాళ్లు సరిగ్గా మొదటి రెండు రోజులకే టికెట్లు కొంటారు. పొరపాటంతా అక్కడే. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే ఆ రెండు రోజులూ ఇక్కడి వీధులు బోసిపోతాయి. పండగంతా ఇళ్లలోనే జరుగుతుంది. ఇంటికి పిలిచే చైనీస్ స్నేహితులుంటే ఆ రోజుల్లోనే రండి, అంతకు మించిన అదృష్టం లేదు. లేకపోతే పండగ ముందు వారమో, ఏడో రోజో మేలు. 2027లో పండగ ఫిబ్రవరి 6 శనివారం. రెండో రోజు ఆదివారం పడింది కాబట్టి 8 సోమవారం కూడా సెలవే. ఏడో రోజు 12 శుక్రవారం.

ముందు వారమైతే చైనాటౌన్. పగోడా స్ట్రీట్, ట్రెంగాను స్ట్రీట్, స్మిత్ స్ట్రీట్ నిండా పండగ అంగళ్లుంటాయి. దీపాలంకరణ న్యూ బ్రిడ్జ్ రోడ్, యూ టోంగ్ సెన్ స్ట్రీట్, సౌత్ బ్రిడ్జ్ రోడ్ పొడవునా ఉంటుంది. చీకటి పడ్డాక, వారం మధ్యలో వెళ్లండి. శని, ఆదివారాల్లో అడుగు పెట్టే సందుండదు. పండగ ముందు రాత్రి అంగళ్లవాళ్లు మిగిలిన సరుకు ధర తగ్గించి అమ్మేస్తారు. తెల్లారితే ఆ అంగళ్లే ఉండవు. సింగపూర్‌లో 1972 నుంచి ఎవరూ సొంతంగా పటాకులు కాల్చకూడదు. మీ పిల్లలు ఆశపెట్టుకుంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

అదే రాత్రి భక్తి చూడాలంటే వాటర్లూ స్ట్రీట్‌లోని క్వాన్ ఇమ్ అనే కరుణాదేవత గుడికి వెళ్లాలి. అర్ధరాత్రి మొదటి అగరొత్తి వెలిగించాలని వేలమంది వస్తారు. పక్కనే 1870 నాటి శ్రీకృష్ణుడి గుడి. క్వాన్ ఇమ్‌కు మొక్కిన చైనీస్ భక్తులు అక్కడా ఆగి అగరొత్తులు గుచ్చి దణ్ణం పెట్టుకుంటారు. ఆ ఒక్క దృశ్యం కోసం ఈ వీధికి రావచ్చు. బుగిస్ మెట్రో స్టేషన్‌లో దిగి నడవండి, ఆ రాత్రి కారుతో పని జరగదు.

బస సంగతి. లిటిల్ ఇండియాలో గదులు చవక. పండగ రోజుల్లోనూ మన భోజనశాలలు తెరిచే ఉంటాయి, 1947 నాటి కోమల విలాస్ సెరంగూన్ రోడ్‌లోనే ఉంది. అక్కడి నుంచి చైనాటౌన్‌కు మెట్రో నార్త్ ఈస్ట్ లైన్‌లో మూడో స్టేషన్‌లో దిగడమే. చైనాటౌన్‌లోనే దిగితే అన్నీ కాళ్ల దగ్గరే ఉంటాయి గానీ రాత్రి మైకుల మోతకు పసిపిల్లలకు నిద్ర ఉండదు. నన్నడిగితే ఈ రెంటి మధ్యనున్న రోచోర్, బెంకూలెన్ వైపు తీసుకోండి. వాటర్లూ స్ట్రీట్ నడక దూరం, మిడిల్ రోడ్‌లోని ఫార్చ్యూన్ సెంటర్‌లో శాకాహార హోటళ్లున్నాయి. అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు రోజులకు అద్దెకిస్తామనే ప్రకటనలు నమ్మకండి. ప్రైవేటు ఫ్లాటును మూడు నెలలకు తక్కువ అద్దెకివ్వడం ఇక్కడ చట్టవిరుద్ధం.

పండగకు పెట్టే రివర్ హాంగ్‌బావ్ లాంతర్ల ప్రదర్శన 1987 నుంచి నడుస్తోంది. ఈ మధ్య గార్డెన్స్ బై ద బేలో పెడుతున్నారు, ప్రవేశం ఉచితం. పిల్లలున్నవాళ్లకు చైనాటౌన్ కన్నా ఇదే సుఖం: నడవడానికి చోటుంటుంది, కూర్చోవడానికి గడ్డి ఉంటుంది.

ఇక స్నేహితుల ఇంటికి వెళ్లడం. ఉత్త చేతులతో వెళ్లకూడదు. రెండు కమలాపండ్లు, అవీ ఆకు, తొడిమ ఉన్నవైతే ఇంకా మంచిది, రెండు చేతులా పట్టుకుని ఇవ్వాలి. వెళ్లేటప్పుడు వాళ్లు మరో రెండు మీ చేతిలో పెడతారు. అది తిప్పి పంపడం కాదు, మర్యాద. పెళ్లయినవాళ్లు పిల్లలకూ పెళ్లికానివాళ్లకూ అంగ్‌పావ్, అంటే ఎర్ర కవరులో డబ్బు, ఇస్తారు. మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. శుభమని 11 డాలర్లు, 51 డాలర్లు పెట్టేస్తారు. వాళ్లకు బేసి సంఖ్య చావింటికి ఇచ్చే డబ్బు. సరి సంఖ్యే పెట్టాలి, అందులోనూ 4 పనికిరాదు. ఆ మాట వాళ్ల భాషలో చావులా పలుకుతుంది. స్నేహితుల పిల్లలకు 6, 8, 10 డాలర్లు చాలు. నోట్లు నలగనివై ఉండాలి, అందుకు పండగకు రెండు మూడు వారాల ముందే బ్యాంకులో చూసుకోండి. కవరు పుచ్చుకున్నవాళ్లు ఇచ్చినవాళ్ల ఎదుట విప్పరు, ఇది మీ పిల్లలకు ముందే నేర్పండి. నల్లబట్టలు వద్దు, తెల్లవీ వద్దు. గోడ గడియారం మనకు మామూలు కానుక. చైనీస్ వాళ్లకు ఇస్తే మాత్రం అంత్యక్రియలకు సాగనంపినట్టు వినిపిస్తుంది.

ఏడో రోజు పేరు రెన్‌రి, మనుషుల పుట్టినరోజు. నువా అనే దేవత మొదట కోడి, కుక్క, పంది, గొర్రె, ఆవు, గుర్రాలను రోజుకొకటి చేసి, ఏడో రోజున మనిషిని చేసిందట. అందుకే ఆ రోజు అందరికీ ఒక ఏడు పెరుగుతుందని లెక్క. మీ మిత్రబృందంలో జనవరి, ఫిబ్రవరిలో పుట్టినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే ఆ సాయంత్రమే కలిపి చేయండి. దుకాణాలు తెరుచుకుని ఉంటాయి, చుట్టాల ఇళ్లకు తిరగడం సద్దుమణిగి ఉంటుంది. అంతకు ముందే, మొదటి మూడు రోజుల్లో, పుట్టినరోజు పడితే కేకు పండగకు ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. చాలా బేకరీలు మూసి ఉంటాయి.

ఆ రోజు పళ్లెం యూషెంగ్. ముల్లంగి, క్యారెట్ సన్నని తురుము, పంపర పనస తొనలు, పచ్చి చేప ముక్కలు, వేరుశనగ పొడి, నువ్వులు, పెళుసు బిళ్లలు, ప్లమ్ పండ్లతో చేసిన తీపి పులుసు. ఇప్పుడు తినే ఏడు రంగుల రూపాన్ని 1964లో సింగపూర్ వంటవాళ్లు నలుగురు స్థిరపరిచారు. సూపర్‌మార్కెట్‌లో పెట్టెగా దొరుకుతుంది. పులుసు చల్లారితే చిక్కబడి గరిటెకు అంటుకుపోతుంది. రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలపండి. పులుసు ముందే పోస్తే కూరలు నీరు కారి, బిళ్లలు మెత్తబడిపోతాయి. అందరూ లేచి నిలబడ్డాకే పోయాలి, బిళ్లలు చివరన చల్లాలి. తరువాత చాప్‌స్టిక్స్‌తో ఏడుసార్లు పైకెగరేస్తూ "లో హే" (పైకెగరేద్దాం), "హువాట్ ఆ" (కలిసి రావాలి) అని అరుస్తారు. ఎంత పైకి లేస్తే అంత కలిసొస్తుందంటారు కాబట్టి బల్ల మీద ముందే పేపరు పరచండి. ఎగరేసే చాప్‌స్టిక్స్ వేరుగా, తినేవి వేరుగా ఉంచండి. మంచినీటి చేపను పచ్చిగా తినే వంటకాల్లో అమ్మడం 2015 డిసెంబరులో నిషేధించారు. పచ్చిగా తినేందుకని అమ్మే సాల్మన్ మాత్రమే కొనండి. శాకాహారులకు చేప వేయకుండా వేరే పళ్లెం కలపండి. చైనీస్ (మాండరిన్) భాషలో "వో ఛీ సూ" అంటే "నేను శాకాహారిని" అని. అయినా ఆయిస్టర్ సాస్, కోడి పొడి పడ్డాయేమో అడిగి తీరాలి.

పుట్టినరోజు జరుపుకునేవాళ్లకు మాత్రం కేకుకన్నా ముందు మీసువా గిన్నె పెట్టాలి. సేమ్యాకన్నా సన్నని, పొడుగాటి గోధుమ నూడుల్స్, పక్కన పెంకు మీద ఎర్రరంగు వేసిన రెండు ఉడికించిన గుడ్లు. మనిషికి ఒక చిన్న కట్ట. మీసువాలో ఉప్పు ఎక్కువ, పిండి ఎక్కువ. నేరుగా చారులో వేస్తే జిగురైపోతుంది. వేరే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉడికించి, వార్చి, అప్పుడు వేడి చారు పోయాలి. విరవకూడదు, కోయకూడదు, ఆ పొడవే ఆయుష్షు. అరవయ్యో పుట్టినరోజైతే పీచ్ పండు ఆకారంలో బన్నులు కూడా పెడతారు. మన ప్రభవ, విభవల్లాగే వాళ్లకూ 60 ఏళ్ల చక్రముంది. షష్టిపూర్తి అంటే ఏమిటో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

హోటల్లో చేస్తే మెనూలో ధర పక్కనున్న "++" చూడండి. 10 శాతం సర్వీసు, దాని మీద 9 శాతం జీఎస్టీ, అంటే 100 డాలర్లు 119.90 అవుతాయి. అడక్కుండా తెచ్చిపెట్టే వేరుశనగలకూ తడి తువ్వాళ్లకూ డబ్బు వేస్తారు, వద్దంటే తీసేస్తారు. పండగ పదిహేను రోజులూ చాలాచోట్ల సెట్ మెనూ మాత్రమే ఉంటుంది, బల్లకు అడ్వాన్సు అడుగుతారు. బయటి కేకుకు రుసుము ఉంటుందేమో బుకింగ్ రోజే కనుక్కోండి. కేకు మొహాలకు పూసుకోవడం మాత్రం ఇంటికే ఉంచుకోండి.