మూడు కిలోమీటర్లకు మూడు వేల నూట యాభై

నెల్లూరు వాళ్ళకు పట్నమంటే నేటికీ మద్రాసే. జనరల్ ఆస్పత్రికి, పెళ్ళి చీరలకు, పిల్లల కాలేజీ సీట్లకు ఎన్నిసార్లు సెంట్రల్ స్టేషన్‌లో దిగామో లెక్క లేదు. ఆ ధీమాతోనే, చెన్నై రేవు నుంచి బయలుదేరే విహార నౌకలో రెండు రాత్రుల ప్రయాణానికి టికెట్లు తీసుకున్నప్పుడు, ఓడలో ఏ అంతస్తులో గది దొరుకుతుంది, సముద్రం ఎక్కితే కడుపులో తిప్పుతుందా అన్న ప్రశ్నలతోనే నెల రోజులు గడిపాను గాని, స్టేషన్ నుంచి రేవు దాకా ఏడు సంచులను ఎట్లా చేర్చాలన్నది ఒక్క పూటైనా ఆలోచించలేదు. నెల్లూరు నుంచి చెన్నైకి 176 కిలోమీటర్లు. అక్కడి నుంచి రేవుకు మూడు కిలోమీటర్లకు మించదు. మమ్మల్ని ఏడిపించింది ఆ మూడే.

ప్రయాణికులం నలుగురం: నేను, మా ఆవిడ, మా పెద్దక్క, బావగారు. అక్కా బావలు కావలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కారు, మేము నెల్లూరులో అదే పెట్టెలో కలుసుకున్నాం. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట కబుర్లలోనే దాటిపోయాయి. బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు కాసేపు నిలబడటం ఈ దారిలో తిరిగేవారికి కొత్త కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. సామాను సంగతి మాత్రం ముందే చెప్పాలి. మావి చక్రాల పెట్టెలు మూడు, చేతి సంచి ఒకటి. అక్కది గుడ్డ సంచి ఒకటి, ఆవకాయ సీసా, మలైకాజా డబ్బా పెట్టిన బుట్ట ఒకటి. బావగారిది ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న, చక్రాలు లేని, బెల్టుతో బిగించిన బరువైన సూట్‌కేసు. ‘దీనికి ఇంకా ఏమైంది?’ అని ఆయన గర్వంగా అడిగేవారు. ఏమీ కాలేదు, నిజమే. మోసినవాళ్ళకే అయింది.

ఓడ టికెట్లు మాకు ట్రంకు రోడ్డులో ఒక ట్రావెల్ ఏజెంటు తీసిచ్చాడు. స్టేషన్ నుంచి రేవు దాకా పెద్ద కారు పెడతానని, డ్రైవరు నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడతాడని, సామానంతా అతనే చూసుకుంటాడని చెప్పి అందుకు విడిగా రూ.1,800 వసూలు చేశాడు. మూడు కిలోమీటర్లకు ఇంత మొత్తమేమిటని ఆ రోజే అడిగి ఉండాల్సింది. కుర్చీ వేసి, టీ తెప్పించి, ‘పెద్దవాళ్ళు గదా సార్, ఇబ్బంది పడగూడదు’ అన్నాడు. ఆ మాటకు కరిగిపోయాను.

సెంట్రల్‌లో దిగగానే ఎర్రచొక్కా పోర్టరు ఒకాయన మా వాలకం చూసి ‘నెల్లూరా సార్?’ అని తెలుగులోనే పలకరించాడు. బండి మీద ఏడు శాల్తీలు పెట్టి బయటి వరకు తేవడానికి రూ.250 అడిగాడు, బేరమాడకుండా ఇచ్చాను. మొత్తం ప్రయాణంలో నేను మనసు కుదుటపడి ఇచ్చిన డబ్బు అదొక్కటే. బయట అట్ట పట్టుకున్న డ్రైవర్లు నలుగురైదుగురు ఉన్నారు, వాటిలో నా పేరు లేదు. ఏజెంటు ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే మొదట మోగింది, రెండోసారి బిజీ, మూడోసారి స్విచ్ ఆఫ్. ఏజెంటుకు చేస్తే, ‘పది నిమిషాల్లో వస్తాడు సార్’ అన్నాడు. పది నిమిషాలు ఇరవై అయ్యాయి, ఇరవై నలభై అయ్యాయి. మా టికెట్ మీద చెక్-ఇన్‌కు మధ్యాహ్నం మూడు గంటల వరకే గడువు ఉంది. సమయం రెండు దాటుతోంది.

అక్క తన బుట్ట మీద చెయ్యి వేసుకుని, ‘ఏందిరా ఇది, ఇట్టా ఎండలో నిలబెట్టేదానికా పిలిపించింది?’ అంది. బావగారు ఏమీ అనలేదు, అది ఇంకా భరించలేకపోయాను. మా ఆవిడ యాప్‌లో కారు పిలుద్దామంది. ఏజెంటు కారు వచ్చేస్తుందేమో, రెండు కార్లకు డబ్బు దండగ అవుతుందేమోనన్న పిసినారి లెక్కతో వద్దన్నది నేనే. ఈ తప్పు ఎవరి మీదికీ తోయను.

ఆ స్థితిలో ఒక వ్యాను డ్రైవరు మమ్మల్ని పట్టుకున్నాడు. రేవుకు పోవాలనగానే, ‘పోర్టంటే ఎన్నూరు సార్, ఇరవై కిలోమీటర్లు పైనే’ అన్నాడు. ఎన్నూరులో ఉన్నది కామరాజర్ పోర్టు, అది వేరు. విహార నౌకలు ఆగేది రాజాజీ సాలై పక్కనున్న చెన్నై పోర్టులో. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసునని అతనికి తెలిశాక కూడా రూ.1,200 నుంచి దిగడానికి చాలాసేపు పట్టింది. చివరకు రూ.900 దగ్గర కుదిరింది. ఊరు తెలియనివాళ్ళు ఈ ఎన్నూరు మాటకు ఎంత ఇచ్చుకుంటారో ఊహించండి.

వ్యాను హైకోర్టు మీదుగా రాజాజీ సాలైకి చేరి, ఒక గేటు ముందు ఆగింది. పక్కన కంటైనర్ లారీలు వరసకట్టి ఉన్నాయి. డ్రైవరు సామాను దించేసి, ఇదే గేటని చెప్పి, పెట్టెలు ఎక్కువున్నాయంటూ మరో రూ.200 తీసుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర కాపలా ఉన్న సీఐఎస్‌ఎఫ్ జవాను మా కాగితాలు చూసి, ఇది సరుకుల లారీల దారి అని, ఓడ ప్రయాణికులు వేరే గేటు నుంచి వెళ్ళాలని చెప్పాడు. పాపం ఆయన చాలా మర్యాదగా, మా టికెట్ మీదే చిన్న అక్షరాల్లో ఉన్న గేటు నంబరు మీద వేలు పెట్టి చూపించాడు. నెల రోజులుగా ఆ టికెట్ నా ఫోనులో ఉంది.

అక్కడి నుంచి రేవు ప్రహరీ పొడవునా నడిచాం. ఎంత దూరమో కొలవలేదు గాని, బావగారి సూట్‌కేసును నేనూ ఆయనా చెరో వైపు పట్టుకుని పదకొండుసార్లు దించాం. కాలిబాట పగిలి ఉన్నచోట చక్రాల పెట్టెలు కూడా మోయవలసిందే. లారీల దుమ్ము, పైన ఎండ, పక్కన గోడ. గోడ అవతల సముద్రం ఉందన్నది వాసనే చెప్పింది. మా ఆవిడ ముందు నడుస్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ‘నేను చెప్పానా లేదా’ అనే మాట నోట రానివ్వకుండా నడిచిన ఆమె సంస్కారానికి చేతులెత్తి దండం పెడతాను.

సరైన గేటు చేరేసరికి మూడుకు పన్నెండు నిమిషాలు ఉంది. అక్కడ టికెట్, అసలు ఆధార్ కార్డు చూసి లోపలికి పంపారు. నకళ్ళు చాలుననుకుని అసలువి ఇంట్లో పెట్టి రావద్దు. గేటు నుంచి టెర్మినల్ దాకా బస్సు ఉంది. బస్సు ఎక్కించేవాళ్ళే పెట్టెలు కూడా ఎక్కించారు. టెర్మినల్‌లోకి అడుగుపెట్టాక కష్టమంతా ఒక్కసారిగా తెగిపోయినట్టయింది. రూ.17.21 కోట్లతో తీర్చిదిద్ది, 2023 జూన్‌లో శ్రీలంక వెళ్ళే తొలి నౌకను సాగనంపిన భవనం ఇది. చల్లగా, శుభ్రంగా ఉంది. పెట్టెలకు గది నంబరున్న చీటీలు కట్టి అక్కడే తీసుకున్నారు, సాయంత్రానికి అవి మా గది తలుపు ముందు ఉన్నాయి. చీటీ కట్టేముందు మందులు, కళ్ళజోడు, రాత్రికి కట్టుకునే బట్టలు చేతి సంచిలోకి మార్చుకోండి. పెట్టెలు ఎప్పుడు వస్తాయో మన చేతిలో ఉండదు.

అక్క బుట్ట మాత్రం స్కానర్ దగ్గర ఆగింది. బయటి తిండి ఓడలోకి రాకూడదట. అదీ టికెట్ మీద ఉంది. మలైకాజా డబ్బాను, ఆవకాయ సీసాను సామాను మోసిన కుర్రవాళ్ళకే ఇచ్చేసింది. ఒక కుర్రవాడు అక్కడే డబ్బా తెరిచి ఒకటి నోట్లో వేసుకుని తమిళంలో ఏదో అన్నాడు. అక్క ముఖం ఆ రోజు మొదటిసారి వెలిగింది.

వరసలో మా ముందున్న కడప దంపతులు సెంట్రల్ నుంచే వచ్చారు. యాప్‌లో కారు పిలిచి, గమ్యంగా గేటు నంబరు పెట్టి, రూ.212 ఇచ్చారట. నేను మా లెక్క చెప్పలేదు.

ఓడ బాగుంది. తిండి బాగుంది. సముద్రం ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

మూడో రోజు ఉదయం తిరిగి దిగాక, గేటు బయట టాక్సీ వాళ్ళు సెంట్రల్‌కు రూ.700 అడిగారు. నేను జేబు తడుముకుంటుంటే, బావగారు రోడ్డు అవతల కనబడుతున్న బీచ్ స్టేషన్ బోర్డు చూపించి, ‘అది రైల్వే స్టేషనే గదా?’ అన్నారు. మూడు రోజుల్లో ఆయన చేసిన మొదటి సూచన అది. బీచ్ నుంచి తాంబరం వైపు పోయే లోకల్ ఎక్కితే ఫోర్టు తరువాత పార్కు స్టేషన్. అది సెంట్రల్‌కు ఎదురుగానే ఉంటుంది. టికెట్ ఒక్కొక్కరికి రూ.5. నలుగురికీ కలిపి ఇరవై రూపాయలతో, ఖాళీ బోగీలో పెట్టెలన్నీ పక్కన పేర్చుకుని, పది నిమిషాల లోపే వచ్చేశాం. బండి బీచ్‌లోనే బయలుదేరుతుంది గనుక ఎక్కడానికి తొందర లేదు. పార్కులో మాత్రం అది ఎక్కువసేపు ఆగదు, ముందుగానే తలుపు దగ్గరికి చేరి ఉండాలి. అక్కడి నుంచి రోడ్డు దాటడానికి మెట్రో సబ్‌వే ఉంది. ఆఫీసు వేళల్లో ఈ సాహసం చేయవద్దు, చక్రాలు లేని సూట్‌కేసుతో అసలే చేయవద్దు. బావగారిదాన్ని మెట్లు ఎక్కించి దించింది నేనే కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మెట్రోలో వెళ్ళవచ్చునని కొందరు చెబుతారు. సెంట్రల్ తరువాతి స్టేషన్ హైకోర్టు, టికెట్ రూ.10, లిఫ్టులూ ఉన్నాయి. కానీ పైకి వచ్చాక పారిస్ కార్నర్ రద్దీలో పెట్టెలు లాక్కుంటూ రేవు దాకా నడవాలి. చేతి సంచి ఒక్కటే ఉన్నవాళ్ళకు సరే, మాలాంటి వాళ్ళకు కాదు. నలుగురు, ఏడు శాల్తీలు అయితే కారే దిక్కు. స్టేషన్‌లోని ప్రీపెయిడ్ కౌంటరు గాని, యాప్ గాని వాడుకోండి. యాప్‌లో ఊరికే చెన్నై పోర్టు అని పెడితే అంత పెద్ద ప్రహరీకి ఏ మూలన దించుతారో చెప్పలేం, టికెట్ మీదున్న గేటు నంబరే పెట్టండి. చెక్-ఇన్ గడువుకు కనీసం రెండు గంటల ముందు సెంట్రల్‌లో దిగేలా రైలు చూసుకోండి. ముందే చేరినా నష్టం లేదు, సెంట్రల్‌లో క్లోక్ రూమ్ ఉంది, తాళం వేసిన పెట్టెలు తీసుకుంటారు. ఊళ్ళోని ఏజెంటు అమ్మే పికప్‌ను మాత్రం, ఆయన ఎంత మంచి టీ తాగించినా, కొనవద్దు.

నెల్లూరు చేరిన మర్నాడే ట్రంకు రోడ్డుకు వెళ్ళాను. డ్రైవరు సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ వైపు నిలబడ్డాడట, మేమే ముందు వైపు నుంచి బయటికి వచ్చామట. ఫోను ఎందుకు ఆపేశాడన్నదానికి జవాబు లేదు. అరగంట వాదించాక వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి, మిగిలిన ఎనిమిది వందలు తరువాతి టూరులో సర్దుతానన్నాడు. తరువాతి టూరు లేదు, డబ్బే కావాలన్నాను. సోమవారం రమ్మన్నాడు. ఇది రాసేనాటికి మూడు సోమవారాలు వెళ్ళి వచ్చాను. ఇంటి నుంచి ఆటోకు రానూ పోనూ రూ.120.