అవెన్యూ రోడ్డు అల్జీబ్రా టైల్స్ కిట్: పట్టీ కొలత చూశాకే వాడండి

బెంగళూరు అవెన్యూ రోడ్డులో స్కూలు సామాన్లు అమ్మే షాపులో తీసుకున్న ఫోమ్ కిట్ ఇది. డబ్బా మీద కంపెనీ పేరు లేదు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఇంట్లో తెలుగులో లెక్కలు చెప్పేవాళ్లకు బాగా పనికొస్తుంది, ఒక్క లోపం సరిచేసుకుంటే.

లోపల పెద్ద చదరాలు 4, పట్టీలు 10, చిన్న బిళ్ళలు 20 ఉన్నాయి. చదరం ఎక్స్², పట్టీ ఎక్స్, పసుపు బిళ్ళ 1. తిరగేస్తే అన్నీ ఎరుపే, అంటే ఋణం.

“అటు పంపితే గుర్తు మారుతుంది” అని ఇళ్లలో చెప్పేస్తుంటాం. ఎందుకు మారుతుందో ఈ కిట్ చూపిస్తుంది. 3ఎక్స్ + 5 = ఎక్స్ + 11 తీసుకోండి. మధ్యలో స్కేలు పెట్టి, ఎడమన 3 పట్టీలు, 5 బిళ్ళలు, కుడిన 1 పట్టీ, 11 బిళ్ళలు పేర్చండి. రెండు వైపులా ఒక్కో పట్టీ, ఆపైన ఐదేసి బిళ్ళలు తీసేయండి. ఎడమన 2 పట్టీలు, కుడిన 6 బిళ్ళలు మిగులుతాయి, పట్టీకి మూడు. స్కేలు దాటి ఏదీ అటు వెళ్లలేదు! రెండు పక్కలా ఒకటే తీశాం, అంతే.

2ఎక్స్ − 3 = 7లో తీయడానికి కుడిన ఎర్ర బిళ్ళలు లేవు. అక్కడ రెండు వైపులా మూడేసి పసుపు బిళ్ళలు కలపాలి. ఎరుపూ పసుపూ జతపడితే సున్నా. సమానమైన ధనం, ఋణం కలిస్తే శూన్యమని బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పిన సూత్రం ఇదే.

బ్రాకెట్ ముందు మైనస్ దగ్గరే పిల్లలు ఎక్కువ తప్పుతారు. −(ఎక్స్ − 4)ని −ఎక్స్ − 4 అని రాసేస్తారు. ఒక పట్టీ, 4 ఎర్ర బిళ్ళలు పెట్టి అన్నీ తిరగేయించండి: పట్టీ ఎర్రబడుతుంది, బిళ్ళలు పసుపుకొస్తాయి. (ఎక్స్ + 3)²ని ఎక్స్² + 9 అని రాసే వాళ్లకైతే, ఒక మూల చదరం, ఎదురు మూల 9 బిళ్ళలు పెట్టి చూపండి. మధ్యలో రెండు ఖాళీలు కనిపిస్తాయి, ఒక్కోదానిలో 3 పట్టీలు పడతాయి. వదిలేసిన 6ఎక్స్ అదే.

ఇక లోపం. పట్టీ పొడవు 10 సెం.మీ., బిళ్ళ 2 సెం.మీ. అంటే పట్టీ పక్కన సరిగ్గా 5 బిళ్ళలు పడతాయి. పిల్లలు అది చూసి ఎక్స్ అంటే 5 అనేసుకుంటారు. తర్వాత జవాబు 3 వస్తే కిట్టునే నమ్మరు. చరరాశి విలువ ముందే తెలియకూడదు కాబట్టి పట్టీ పొడవు బిళ్ళలతో కొలిస్తే సరిపోకూడదు. తయారుచేసేవాళ్లు చూసుకోవాల్సిన మొదటి సంగతే ఇది.

స్టీలు స్కేలు, కట్టర్‌తో ప్రతి పట్టీ చివర 7 మి.మీ. కోసేయండి. పెద్ద చదరాలు కూడా రెండు వైపులా 9.3 సెం.మీ.కే తగ్గించాలి. పట్టీలు మాత్రమే కోస్తే (ఎక్స్ + 3)² దీర్ఘచతురస్రంగా కూడా కుదరదు, అంచులు ఎగుడుదిగుడవుతాయి.

(ఎక్స్ + 5)²కి 25 బిళ్ళలు కావాలి, ఐదు తక్కువ. చార్టు ముక్కలు కోసుకోవచ్చు. ఎక్స్/3 లాంటి భిన్నాలకు కిట్ పనికిరాదు, అక్కడ క.సా.గు.తో రెండు వైపులా గుణించడం నోట్‌బుక్కులోనే నేర్పాలి. బిళ్ళ కదిపిన ప్రతిసారీ ఆ మెట్టు నోట్‌బుక్కులో రాయించండి. ఫోమ్ తేలిక కాబట్టి పేర్చేటప్పుడు ఫ్యాన్ ఆపండి.